రంగు కాదు, మిజాజ్ అడగండి

రిష్తా చూసేటప్పుడు ఖాందాన్ అడుగుతాం, మిజాజ్ అడుగుతాం. ఉప్పునీటి చేపలు కొనేటప్పుడు మాత్రం రంగు చూసి ఫిదా అయిపోతాం. 2003 నాటి 'ఫైండింగ్ నీమో' చూసిన పిల్లలు "అబ్బా, నీమో, డోరీ రెండూ కావాలి" అని జిద్దు చేస్తారు. సినిమాలో దోస్తీ కుదిరింది, సముద్రం పెద్దది కాబట్టి. డోరీ అడుగు దాకా పెరుగుతుంది. మన హాల్లో పెట్టే రెండడుగుల తొట్టి దానికి ఖైదే. నీమో, అంటే క్లౌన్ చేప, సుమారు నాలుగంగుళాలు. ఒక్క జోడీ చాలు. రెండో జోడీ వేశారా, జగడమే.

డామ్సెల్ చౌక. వేలెడంత ఉన్నా మహా జాలిమ్, తొట్టంతా తన జాగీరే అనుకుంటుంది. వేయాలనే ఉంటే ఆఖర్న వేయండి. గోబీ లాంటి షరీఫ్ చేపలు ముందు. లయన్ చేప షాన్ చూసి మోసపోకండి, నోట్లో పట్టే చేపనల్లా మింగేస్తుంది.

ఎవరైనా అసలు పగడాలు, సముద్రగుర్రాలు చూపిస్తే సాఫ్‌గా వద్దనండి. 2001లో అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చాయి, కొనడమూ జుర్మే. క్లౌన్‌లనైతే హేచరీలో పుట్టించే పద్ధతి మన సీఎంఎఫ్‌ఆర్‌ఐ దగ్గరే ఉంది; అలా పుట్టినవే అడగండి.

మన తిరువూరుకు సముద్రం దూరం. జగడాలమారి చేపను ఊరి చెరువులో వదిలేద్దామంటే, ఆ మంచినీళ్లలో అది బతకదు.