డాక్యుమెంటేషన్‌లో అచ్చుతప్పులు, ఫార్మాటింగ్ లోపాల దిద్దుబాటుపై తీర్మానం

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌ను తెలుగులో రాసే, తెలుగులోకి అనువదించే స్వచ్ఛంద కార్యకర్తల సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం పూర్తి పాఠం ఇది.

అచ్చు పుస్తకంలో ముద్రారాక్షసం దొర్లితే చివర తప్పొప్పుల పట్టిక వేసేవారు, పాఠకుడు సర్దుకుని చదువుకునేవాడు. సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ చదివేవారికి ఆ వెసులుబాటు లేదు. వారు చదివి ఊరుకోరు, అక్కడున్న కమాండ్‌ను కాపీ చేసి టెర్మినల్‌లో వేస్తారు. టెర్మినల్ ఉన్నది ఉన్నట్టే తీసుకుంటుంది. అందువల్ల డాక్యుమెంటేషన్‌లోని టైపోను, ఫార్మాటింగ్ లోపాన్ని సాఫ్ట్‌వేర్ బగ్‌గానే పరిగణించాలని ఈ సమావేశం అభిప్రాయపడుతోంది.

ఇందుకు ఆధారంగా ఒక లోపాన్ని సమావేశం దగ్గరగా పరిశీలించింది. చాలా కమాండ్ ఆప్షన్లు రెండు హైఫన్లతో మొదలవుతాయి. స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ సాధనంతో పేజీలు తయారు చేసేటప్పుడు ఆ ఆప్షన్‌ను రెండేసి బ్యాక్‌టిక్‌ల మధ్య పెట్టాలి. అవి మరిచిపోతే స్ఫింక్స్ దాన్ని మామూలు వాక్యంలో భాగమనుకుని, రెండు హైఫన్లనూ కలిపి ఒక పొడుగాటి గీతగా మార్చేస్తుంది. నిటారు కొటేషన్ గుర్తులు వంపు తిరుగుతాయి. సోర్స్ ఫైలు తెరిచి చూస్తే అక్షరం కూడా తప్పు ఉండదు. పేజీ కూడా చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. దాన్ని నమ్మి కాపీ చేసుకున్న విద్యార్థికి మాత్రం ఎర్రర్ వస్తుంది, తప్పు తనదే అనుకుంటాడు. పెద్ద ప్రాజెక్టులకూ ఈ బాధ తప్పలేదు. మాన్ పేజీలను ఫార్మాట్ చేసే గ్రాఫ్ (groff) ప్రోగ్రామ్‌కు 2023లో విడుదలైన 1.23 వెర్షన్‌లో మాన్ పేజీల మామూలు హైఫన్ అచ్చులో వాడే హైఫన్‌గా కనిపించేసరికి ఆప్షన్లను వెతకడం, కాపీ చేయడం దెబ్బతిన్నాయి. డెబియన్ వంటి పంపిణీలు తమ సెట్టింగుల్లో దాన్ని మళ్లీ పాత పద్ధతికి మార్చుకున్నాయి. మేక్‌ఫైల్ ఉదాహరణల్లో ట్యాబ్ ఉండాల్సిన చోట స్పేసులు పడటం, యామల్‌లో స్పేసులు ఉండాల్సిన చోట ట్యాబ్ పడటం ఈ కోవలోవే.

సకాలంలో దిద్దని తప్పు స్థిరపడిపోతుందని కూడా సమావేశం గుర్తిస్తోంది. ఏ పేజీలోని లింకు నొక్కి వచ్చామో సర్వర్‌కు చెప్పే హెచ్‌టీటీపీ హెడర్ పేరులో, ఇంగ్లీషు స్పెల్లింగ్ ప్రకారం రెండు 'ఆర్'లు పక్కపక్కన ఉండాల్సిన చోట ఒకటే పడింది. 1996 మేలో వెలువడిన హెచ్‌టీటీపీ పత్రం ఆర్ఎఫ్‌సీ 1945లో అది అలాగే చేరింది. బ్రౌజర్లు, సర్వర్లు అప్పటికే ఆ స్పెల్లింగ్‌తో పనిచేస్తున్నాయి. 2022 నాటి ఆర్ఎఫ్‌సీ 9110లోనూ అదే స్పెల్లింగ్ కొనసాగుతోంది.

తెలుగు డాక్యుమెంటేషన్‌కు ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి. సున్న, తెలుగు అంకె సున్నా కంటికి ఒకేలా కనిపిస్తాయి, యూనికోడ్‌లో మాత్రం రెండూ వేర్వేరు. 'అంకె' అనే మాటలో సున్న బదులు అంకె సున్నా పడితే ప్రూఫ్ చూసేవారు ఎంత శ్రద్ధగా చదివినా దొరకదు. వెతికినవారికి ఆ పేజీ మాత్రం రాదు. 'సాఫ్ట్‌వేర్' అనే మాటలో ట్ తరువాత కంటికి కనిపించని నాన్ జాయినర్ అక్షరం ఉండాలి. అది లేకపోతే వకారం ఒత్తుగా మారి 'సాఫ్ట్వేర్' అవుతుంది. ఒకే మాన్యువల్‌లో రెండు రూపాలూ ఉంటే, ఒకదానితో వెతికినవారికి రెండోది ఉన్న పేజీలు దొరక్కపోవచ్చు. లినక్స్ కెర్నల్ మార్గదర్శకాల్లో డాక్యుమెంటేషన్ స్పెల్లింగ్ దిద్దుబాట్లతో పాటు గ్రెప్‌తో వెతకడానికి అడ్డుపడే స్పెల్లింగ్ తప్పులను కూడా స్వీకరించదగిన చిన్న ప్యాచ్‌లుగా పేర్కొనడం ఇక్కడ గమనించదగినది. కళ్లతో పట్టుకోలేని తప్పులు మన లిపిలో ఎక్కువ కాబట్టి ఆ జాగ్రత్త మనకు ఇంకా అవసరం.

ఆంగ్ల మూలంలో జరిగే దిద్దుబాటు మన పని మీద చూపే ప్రభావం గురించి చర్చ ఎక్కువసేపు సాగింది. గెట్‌టెక్స్ట్ పద్ధతిలో ప్రతి అనువాదం దాని మూల వాక్యానికి ముడిపడి ఉంటుంది. డాక్యుమెంటేషన్‌లో సాధారణంగా ఒక్కో పేరా ఒక్కో యూనిట్. ఎనభై మాటల ఆంగ్ల పేరాలో ఎవరో ఒక అక్షరం సరిచేసినా, ఆ పేరా తెలుగు అనువాదానికి 'ఫజ్జీ' ముద్ర పడుతుంది. ఫజ్జీ అయిన అనువాదం మామూలుగా ప్రచురణలోకి వెళ్లదు, ఆ చోట మళ్లీ ఇంగ్లీషే కనిపిస్తుంది. అర్థం ఏమీ మారలేదు, తెలుగు మాయమైంది. మూలాన్ని దిద్దినవారిని తప్పుపట్టడం ఈ సమావేశం ఉద్దేశం కాదు. వారు చేసింది మంచి పనే. దాని పర్యవసానాన్ని చూసుకునే ఏర్పాటు మన వైపు లేకపోవడమే లోపం. గ్నోమ్ వంటి ప్రాజెక్టులు విడుదలకు ముందు మూల వాక్యాలను మార్చకుండా ఆపే స్ట్రింగ్ ఫ్రీజ్ పాటించడానికి అనువాదకుల ఈ ఇబ్బంది ఒక ముఖ్య కారణం.

కొత్తవారి విషయం. ఓపెన్ సోర్స్‌లోకి అడుగుపెట్టే చాలామందికి మొదటి పుల్ రిక్వెస్ట్ ఒక టైపో దిద్దుబాటే. ఆ తలుపు మూయకూడదు. అయితే 2020లో హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ కార్యక్రమంలో, నిర్ణీత సంఖ్యలో పుల్ రిక్వెస్టులు పంపినవారికి ఇచ్చే టీషర్టు కోసం రీడ్‌మీ ఫైళ్లలో అవసరం లేని మాటలు చేర్చే రిక్వెస్టులు వెల్లువెత్తాయి. మెయింటెయినర్లు విసిగిపోవడంతో, ఇష్టపడిన ప్రాజెక్టులకే అది వర్తించేలా నిర్వాహకులు ఆ అక్టోబరు మొదటి రోజుల్లోనే నియమం మార్చవలసి వచ్చింది. లెక్క కోసం పంపే మార్పును, పాఠకుడి కోసం చేసిన దిద్దుబాటును ఒకే గాటన కట్టడం రెండో రకం వారికి అన్యాయం.

కావున ఈ సమావేశం తీర్మానించినది ఏమనగా:

మన నిర్వహణలోని ప్రతి రెపోలోనూ డాక్యుమెంటేషన్ దిద్దుబాటును కోడ్ ప్యాచ్‌తో సమానంగా రివ్యూకు తీసుకోవాలి. కమాండ్, ఫైలు పాత్, కాన్ఫిగరేషన్ విలువ, వెర్షన్ నంబరు వీటిలో తప్పుంటే మిగతా అన్నిటికన్నా ముందు చూడాలి. అలాంటి చోట రివ్యూ చేసేవారు తయారైన పేజీ నుంచే కమాండ్‌ను కాపీ చేసి, నడిపి చూసిన తరువాతే మెర్జ్ చేయాలి. సోర్స్ ఫైలు చూసి సరే అనడం చాలదు.

టైపో దిద్దే కమిట్‌లో టైపో మాత్రమే ఉండాలి. పనిలో పనిగా పేరాలోని లైన్లన్నీ తిరిగి సర్దితే డిఫ్‌లో పేరా మొత్తం మారినట్టు కనిపిస్తుంది, దిద్దిన అక్షరం ఏదో రివ్యూ చేసేవారికి తెలియదు. లైన్లు సర్దాల్సి వస్తే అది వేరే కమిట్.

ఆంగ్ల మూలంలో అర్థం మారని దిద్దుబాటు జరిగినప్పుడు, తెలుగు బృందంలో ఆ ఫైలు బాధ్యులు ఏడు రోజుల్లోగా పాత, కొత్త వాక్యాలను పక్కపక్కన పెట్టి చదివి ఫజ్జీ ముద్ర తొలగించాలి. చదవకుండా స్క్రిప్ట్‌తో మూకుమ్మడిగా తొలగించడాన్ని ఈ సమావేశం నిషేధిస్తోంది. టైపో పేరుతో వచ్చిన మార్పుల్లో ఒక 'కాదు' చేరడమో, పోవడమో జరగవచ్చు. మనవారికి ఆంగ్ల మూలంలో తప్పు కనబడితే అనువాదంలో గుట్టుగా సర్దేసి ఊరుకోకుండా అప్‌స్ట్రీమ్‌కు ప్యాచ్ పంపాలి, స్ట్రింగ్ ఫ్రీజ్ ఉంటే అది ముగిశాక పంపాలి.

మాట మధ్యలో పడిన అంకె సున్నాను, నాన్ జాయినర్ లేని మాటలను పట్టే తనిఖీని ప్రతి పుల్ రిక్వెస్ట్‌పై నడపాలి. కెర్నల్ సోర్స్‌లో తప్పు రూపం, దాని పక్కన ఒప్పు రూపం ఉన్న స్పెల్లింగ్ జాబితా ఫైలు ఉన్నట్టే, తెలుగుకు ఒక ఉమ్మడి జాబితా తయారు చేసి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలి. ఆ జాబితాలోకి నిస్సందేహమైన తప్పులే వెళ్లాలి. 'చేస్తోంది' అని ఒకరు, 'చేస్తున్నది' అని మరొకరు రాస్తారు. 'ఫైల్' అని, 'ఫైలు' అని రెండూ వాడుకలో ఉన్నాయి. తెలంగాణ వాడుకను గానీ, రాయలసీమ, ఉత్తరాంధ్ర వాడుకను గానీ టైపోగా చూపి దిద్దరాదు. శైలి మార్చాలనుకునేవారు వేరుగా ప్రతిపాదన పెట్టి చర్చించాలి.

మొదటిసారి దిద్దుబాటు పంపినవారికి మూడు రోజుల్లోగా జవాబివ్వాలి. స్వీకరించలేకపోతే కారణం ఒక వాక్యంలోనైనా రాయాలి. స్వీకరిస్తే కోడ్ రాసినవారి పేర్లున్న జాబితాలోనే వారి పేరూ చేర్చాలి. దిద్దుబాట్ల సంఖ్యను బట్టి ర్యాంకులు, బహుమతులు ఇవ్వరాదు.

అమలు బాధ్యత డాక్యుమెంటేషన్ ఉపసంఘానిది. ఈ పాఠాన్ని ప్రతి రెపోలోని కాంట్రిబ్యూటింగ్ ఫైలులో చేర్చాలి. ఏడు రోజుల గడువు, మూడు రోజుల గడువు ఆచరణలో ఎంతవరకు నిలిచాయో ఉపసంఘం వచ్చే సర్వసభ్య సమావేశానికి రాతపూర్వకంగా నివేదించాలి.