అద్దె పంచుకునే ముందు ఇంటి వాటా తీయండి

తండ్రి కట్టించి పోయిన ఇంటి అద్దెను నెలనెలా పంచుకునే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఫరాయజ్ లెక్క ప్రకారం పైసా తేడా రాకుండా వాటాలు వేసుకుంటారు, సంతోషమే. కాని పాతికేళ్ళ శ్లాబు కారడం మొదలైన రోజున ఆ వాటాదారుల మధ్యనే మాటలు తెగిపోవడం చూస్తున్నాము. పెద్దవాడు తన జేబునుండి ఖర్చు పెట్టి తరువాత లెక్క అడుగుతాడు. అత్తవారింట ఉన్న చెల్లెలు "నన్నడిగి చేయించావా?" అంటుంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. లేనిది ముందుగా తీసి ఉంచిన సొమ్మే.

ఒక ఉదాహరణ తీసుకుందాము. మరణించిన వ్యక్తికి భార్య, ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు మాత్రమే వారసులు. ఇంటిపై నెలకు 24,000 రూపాయల అద్దె వస్తున్నది. తల్లికి 8వ వంతు, అంటే 3,000. ఒక్కొక్క కుమారునికి 7,000, ఒక్కొక్క కుమార్తెకు 3,500. మొత్తం పంచేశారు, చేతిలో ఏమీ మిగలలేదు. మరో అయిదేళ్ళలో శ్లాబుకు 90,000 ఖర్చవుతుందని మేస్త్రీ అంచనా వేశాడనుకుందాము. నెలకు 1,500 పక్కన పెడితే ఆ వేళకు సొమ్ము సిద్ధంగా ఉంటుంది. బోరు మోటారు, వైరింగు, పైపుల కోసం పదేళ్ళలో 1,08,000 కావాలంటే నెలకు మరో 900. రెండూ కలిపి 2,400. దీనిని తీసి మిగిలిన 21,600 పంచితే తల్లికి 2,700, కుమారులకు 6,300 చొప్పున, కుమార్తెలకు 3,150 చొప్పున వస్తుంది. తల్లికి తగ్గినది 300 రూపాయలే. అదే 90,000 ఒకేసారి వచ్చిపడితే ఆమె వాటా 11,250. వేరే ఆదాయం లేని వృద్ధురాలు అంత సొమ్ము ఎక్కడ తేగలదు? ధరలు ఏటా పెరిగేవే గనుక రెండేళ్ళకొకసారి ఈ అంచనాను తిరగవేయాలి.

ఆలస్యం చేసినకొద్దీ ఖర్చు ఎందుకు పెరుగుతుందో చెప్పాలి. పగులులోంచి దిగిన నీరు లోపలి ఇనుప చువ్వకు తగులుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కింది సిమెంటును పెళ్ళలుగా ఊడగొడుతుంది. పగులు పూడ్చి పూత వేయడంతో పోయేది చివరకు చువ్వలు శుభ్రం చేసి కప్పును బాగు చేయించే పనిగా మారుతుంది. అందుచేత వేసవిలోనే ఒకరు మేడ ఎక్కి చూడాలి. పిట్టగోడ మొదలు, నీటి ట్యాంకు కింద, తూముల చుట్టూ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. రావి మొలక కనబడితే వేరుతో సహా తీయించాలి. పైకి తుంచితే మళ్ళీ వస్తుంది.

ఇంటి కప్పు, గోడల మరమ్మతు యజమాని బాధ్యతే. ఆయన చేయించకపోతే ఇల్లు ఖాళీ చేసే హక్కు అద్దెదారునికి ఉన్నదని హనఫీ ఫుఖహా చెప్పారు. అయితే యజమాని అనుమతి లేకుండా అద్దెదారు తానే చేయించుకుంటే ఆ ఖర్చు తిరిగి కోరలేడు. కాబట్టి ఉభయులూ ముందే కాగితం మీద వ్రాసుకోవాలి. 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం కూడా కట్టడపు మరమ్మతులను యజమానిపైనే ఉంచినది. అద్దెదారు వల్ల జరిగిన నష్టం మాత్రం మినహాయింపు. అద్దెదారు ఇచ్చిన అడ్వాన్సును మరమ్మతుల నిధిగా లెక్కించేవారు కొందరున్నారు. అది తిరిగి ఇవ్వవలసిన బాకీ, ఆదాయం కాదు.

పన్ను విషయం క్లుప్తంగా. చెల్లించిన మున్సిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతాన్ని ఆదాయపు పన్ను చట్టం మినహాయిస్తుంది. మరమ్మతు చేయించినా, చేయించకపోయినా అంతే. ఆ మినహాయింపు వల్ల మిగిలిన పన్నునైనా ఈ నిధిలో వేయవచ్చు.

జకాత్ గురించి సోదరీమణులు తరచుగా అడుగుతుంటారు. అద్దెకిచ్చిన ఇంటి విలువపై జకాత్ లేదు. నిలువ ఉన్న అద్దె సొమ్ముపై ఉన్నది. మరమ్మతు కోసమని తీసి ఉంచినంత మాత్రాన ఆ సొమ్ముకు మినహాయింపు రాదు. సంవత్సరం పూర్తయ్యే రోజున ఖర్చు కాకుండా మిగిలినదానిలో ఎవరి వాటాను వారు తమ ఇతర సొమ్ముతో కలిపి, నిసాబ్‌కు చేరితే రెండున్నర శాతం ఇవ్వాలి. అందుకే నిధి బ్యాంకు ఖాతాలో ఉన్నా, ఎవరి వాటా ఎంతో చూపే చిన్న పుస్తకం ఒకటి ఇంట్లో ఉండాలి. ఆ పుస్తకం చెల్లెలికీ చూపించాలి, ఆమె అడగకముందే.