కరువుకు ప్రొఫెసర్ హనుమంతరావు చెప్పిన మందు.. 30 ఏళ్లయినా వాడుతున్నామా?

అక్కడో చెక్‌డ్యామ్, ఇక్కడో కుంట. ఇలా ముక్కలు ముక్కలుగా చేస్తే కరువు పోదని 1994లోనే తేల్చేసింది ప్రొఫెసర్ సీహెచ్ హనుమంతరావు కమిటీ. కరీంనగర్ జిల్లాకు చెందిన ఈ ఆర్థికవేత్త ఢిల్లీలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనమిక్ గ్రోత్ డైరెక్టర్‌గా చేశారు. 1982-86 మధ్య ప్లానింగ్ కమిషన్ మెంబర్. అటు పరిశోధన, ఇటు ప్రభుత్వం.. రెండూ దగ్గర్నుంచి చూశారు.

కమిటీ చెప్పింది సింపుల్. సుమారు 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌ను ఒక యూనిట్‌గా తీసుకోవాలి. పనులు ఊరివాళ్ల చేతికే ఇవ్వాలి. 1995 ఏప్రిల్ నుంచి కేంద్రం గైడ్‌లైన్స్ అమల్లోకొచ్చాయి.

అయితే చిక్కంతా ఇక్కడే! వాటర్‌షెడ్‌తో నీళ్లు భూమిలోకి దిగుతాయి. పక్కనే కొత్త బోరు పడితే అవే నీళ్లు పైకొచ్చేస్తాయి. అనంతపురం లాంటి జిల్లాల్లో ఇంకించే నీటితో పాటు తోడే నీటికీ ఊరే లెక్క కట్టుకోవాలి. లేదంటే ఎంత మంచి రిపోర్టయినా ఫైల్లోనే ఉండిపోతుంది.