కలివి పొద పీకి కరెంటు చెట్టా?

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. బేరిగై చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పుడు పెరటి చెట్టు నోటి రుచికి కూడా పనికిరాకుండా పోతోంది. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు ముందర నాలుగు గజాల తావు మిగిలితే చాలు, అక్కడ పైదేశపు పండు చెట్టు ఒకటి ఉండాలనుకుంటున్నారు. డ్రాగన్, అవకాడో, స్ట్రాబెర్రీ అయిపోయాయి. ఆ వరుసలో వచ్చిందే బ్లాక్‌కరెంట్. ఐస్‌క్రీం అంగడిలో ఊదారంగు చూసి పిల్లలు మురిసిపోతారు. పెద్దవాళ్ళు ఫోనులో బొమ్మ చూసి, డబ్బు కట్టి, మొక్క తెప్పిస్తారు. ఇంట్లో అవ్వకు మాత్రం ఆ పేరు నోరు తిరగదు. "ఏమప్పా, నల్ల కరెంటు చెట్టా? ముట్టుకుంటే షాకు కొట్టదు కదా?" అని నవ్వుతుంది.

షాకు కొట్టక మానదు. కాకపోతే అది ఏడాది తర్వాత, జేబుకు కొడుతుంది. ఎందుకో తెలుసుకోకుండా గుంత తవ్వడం మంచిది కాదు.

బ్లాక్‌కరెంట్ ఉత్తర యూరప్, ఉత్తర ఆసియా చలి దేశాల పొద. ముళ్ళుండవు, మనిషి భుజం ఎత్తు దాకా పెరుగుతుంది, వేసవిలో నల్లటి చిన్న పండ్లు గుత్తులుగా కాస్తుంది. చలికాలంలో ఆకంతా రాల్చి నిద్రపోతుంది. ఆ నిద్ర సరిపోతేనే మళ్ళీ మొగ్గ విచ్చుతుంది. నిద్రకు లెక్క ఉంది. ఏడు డిగ్రీలకు లోపు చలి చాలా రకాలకు వెయ్యి గంటలకు పైగా కావాలి. వెయ్యి గంటలంటే రాత్రీ పగలూ కలిపి దాదాపు నలభై రెండు రోజులు.

ఇక మన సంగతి. హోసూరు ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. మార్గశిరం, పుష్యం వచ్చాయంటే తెల్లవారుజామున మంచు కమ్ముతుంది, కంబళి లేనిదే ముసలివాళ్ళు బయటికి రారు. ఇంత చలి చాలదా అనిపిస్తుంది. చాలదు. పక్కనున్న బెంగళూరులో ఇంతవరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు. అదీ 1884 జనవరిలో. అంటే నూట నలభై ఏళ్ళకు పైగా ఆ నగరంలో అంతకు మించిన చలి రాత్రి లెక్కకెక్కలేదు. ఆ రాత్రి కూడా బ్లాక్‌కరెంట్ లెక్కలో చలి గంట కింద రాదు! బయలు పొలాల్లో ఒకటి రెండు డిగ్రీలు తగ్గినా నలభై రెండు రోజుల చలి ఎక్కడినుంచి తెస్తాం? బేరిగై, బాగలూరు పక్క గులాబీలకు వేసే పాలీహౌస్ ఉంది కదా అనొచ్చు. అది ఎండను, వానను సర్దుతుందే తప్ప ఐరోపా చలికాలాన్ని పట్టుకురాలేదు.

నిద్ర తీరని పొద ఏమవుతుంది? మొగ్గలు కొన్ని విచ్చుతాయి, కొన్ని విచ్చవు. ఆకు వస్తుంది, పూత రాదు. చైత్రం ఎండకు ఆ ఆకూ మాడుతుంది. ఈ బాధ అసలు ఆ పంట సొంత దేశాల్లోనే మొదలైంది. స్కాట్లాండ్‌లోని జేమ్స్ హట్టన్ సంస్థ శాస్త్రవేత్తలు, చలికాలాలు వెచ్చబడుతున్నాయని, తక్కువ చలికి కాసే రకాల కోసం పనిచేస్తున్నారు. అక్కడే ఇలా ఉంటే బేరిగైలో సంగతి చెప్పేదేముంది?

ఇంకో మోసం పేరులో ఉంది. కిరాణా అంగళ్ళలో బ్లాక్‌కరెంట్ అని అమ్మే ఎండు పండ్లు చాలావరకు చిన్న నల్ల ద్రాక్షలే. గ్రీసులోని కోరింత్ రేవు పేరుమీద ఇంగ్లీషువాళ్ళు ఎండు ద్రాక్షకు 'కరెంట్' అన్నారు. ఆ పోలికతోనే తర్వాత ఈ పొదపండుకూ అదే పేరు పెట్టారు. దుకాణంలో తిన్నది ఒకటి, పెరట్లో నాటాలనుకున్నది ఇంకొకటి.

ఆ పండు గొప్పది కాదని ఎవరూ అనరు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ జలాంతర్గాముల దెబ్బకు బ్రిటన్‌కు నారింజ రావడం తగ్గింది. పిల్లలకు సి విటమిన్ ఎలాగా అన్న ప్రశ్నకు అక్కడి ప్రభుత్వం బ్లాక్‌కరెంట్‌లోనే జవాబు వెతుక్కుంది. సాగును ప్రోత్సహించింది, 1942 నుంచి దాని పానకాన్ని చిన్నపిల్లలకు ఉచితంగా పంచింది. నూరు గ్రాముల పండులో సుమారు 180 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది. ఆ కథలో మనం నేర్చుకోవలసింది పండు పేరు కాదు. తమ నేలలో, తమ చలిలో కాసేదేదో చూసుకుని వాళ్ళు బిడ్డలను కాపాడుకున్నారు. అదే లెక్క మనం వేస్తే తేలేది జామ, ఉసిరి. జామపండు నూరు గ్రాముల్లో రెండు వందల మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ ఉంది. ఉసిరి దానికీ తీసిపోదు. రెండూ మన పెరళ్ళలో అడగకుండానే కాస్తాయి.

పుల్లగా, నల్లగా, గుత్తులుగా కాసే పొదే కావాలంటే అదీ మనకు ఉంది. దాని పేరు కలివి. గుట్టల మీద, చేని గట్ల మీద ముళ్ళతో, తెల్ల పూలతో పెరిగేది. కాయ ఎర్రబడి, పండితే నల్లబడుతుంది. దానికి పెద్ద చుట్టం వాక్కాయ, పెరట్లో పెంచుకోవడానికి అనువైనది. వాక్కాయ పప్పు, పులిహోర, పచ్చడి తెలుగు వంటింటికి కొత్త కాదు. అందులో సహజంగానే ఉండే పెక్టిన్ వల్ల జెల్లీ బాగా గడ్డకడుతుంది. బేకరీ బన్ను మీద మెరిసే ఎర్రటి 'చెర్రీ' చాలాచోట్ల రంగు వేసి చక్కెర పాకంలో ఊరబెట్టిన వాక్కాయే. మన కాయే పేరు మార్చుకుని మన పిల్లల చేతికొస్తోంది, మనకే తెలియడం లేదు.

బాధ ఏమిటంటే, ఈ పొదను ఎవరూ ఎండగట్టడం లేదు, పీకేస్తున్నారు. గట్టు మీది కలివి ఒకప్పుడు కంచె. మేకను, పశువును అడ్డుకునేది, గట్టు మట్టిని పట్టుకునేది, పిట్ట గూటికి చోటిచ్చేది, బడి వదిలిన పిల్లలకు పండు పెట్టేది. ఇప్పుడు లేఅవుటు అంటే ముందు జేసీబీ వస్తుంది, గట్టు పోతుంది, రాతి కంబాలు, ముళ్ళ తీగె లేస్తాయి. ఆ తర్వాత, ఆ తావులోనే, డబ్బు పోసి తెచ్చిన బ్లాక్‌కరెంట్‌కు గుంత తవ్వుతారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఇదే కదా.

"గులాబీ ఏమైనా మన పాలారు ఒడ్డున పుట్టిందా? టమోటా, క్యాబేజీ పైనుంచి వచ్చినవే కదా?" అని ఒకరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పైనుంచి వచ్చిందని ఏ చెట్టునూ కాదనక్కర్లేదు. టమోటా అడిగినవి ఈ నేల ఇవ్వగలిగింది, కాబట్టి నిలిచింది. బ్లాక్‌కరెంట్ అడిగే చలి ఈ నేల దగ్గర లేదు. చూడవలసింది పుట్టిన ఊరు కాదు, పెట్టగలిగిన తిండి. బ్రిటన్‌లో ఉన్న మన పిల్లలు నాటుకోవాలంటే నిక్షేపంగా నాటుకోవచ్చు. చలికాలంలో, నర్సరీ గుర్తు కంటే అయిదు సెంటీమీటర్లు లోతుగా నాటి, ఏటా పాత కొమ్మల్లో మూడో వంతు మొదలంటా కోస్తే పదిహేనేళ్ళు కాస్తుంది. ఇక్కడివాళ్ళు పెట్టెలో పెట్టి మొక్క తేవాలని మాత్రం చూడొద్దు. విదేశీ మొక్క తేవడానికి 2003 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం అనుమతి కావాలి. ఆ జాగ్రత్త ఎందుకో అమెరికా చెబుతుంది. పైన్ చెట్లను చంపే తుప్పు తెగులుకు ఈ పొద ఆశ్రయమని అక్కడ 1911లో సాగునే నిషేధించారు. కేంద్రం 1966లో ఎత్తేసినా న్యూయార్క్ రాష్ట్రం 2003 దాకా వదల్లేదు.

వాక్కాయకు ఈ తంటాలేవీ లేవు. బాగా పండిన కాయలోని విత్తనం ఎండబెట్టకుండా వెంటనే సంచిలో వేయాలి, ఆలస్యమైతే మొలకెత్తదు. మరుసటి ఏడు తొలకరికి నాటాలి. కంచెకైతే రెండు మూడడుగులకు ఒకటి, ఒంటి పొదకైతే చుట్టూ ఎనిమిదడుగులు. మొదటి రెండు వేసవులు నీళ్ళు పోస్తే చాలు, తర్వాత బోరు ఎండినా అది ఎండదు. నీళ్ళు నిలిచే తావు మాత్రం పనికిరాదు. మూడో ఏటినుంచి కాపు. పెద్ద కాయ కావాలంటే పంత్‌నగర్ విశ్వవిద్యాలయం వారి పంత్ మనోహర్, పంత్ సుదర్శన్ వంటి రకాలున్నాయి. ముల్లు ఉంది, నిజమే. అందుకే వాకిట్లో కాకుండా ప్రహరీ పక్కన నాటుకోవాలి. పాలు కారుతాయి, అందుకే కాయ కోసి ఉప్పునీళ్ళలో వేస్తారు.

పొదతో పోయేది పండు ఒక్కటే కాదు. కలివికోడి అనే పిట్టకు పేరిచ్చింది ఈ పొదే. లోకం నుంచి మాయమైందనుకున్న ఆ పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనబడింది. పొద పేరు తెలియని వాడికి ఆ పిట్ట పేరు అర్థం కాదు. బేరిగై సంతలో ఈ కాయకు తమిళంలో కళాక్కాయ్, కన్నడంలో కవళి, తెలుగులో కలివి అని మూడు పేర్లు. 2006 నాటి చట్టం తర్వాత తమిళనాడు బళ్ళలో తమిళం తప్పనిసరి అయ్యింది. పిల్లలు తమిళం నేర్వడం మంచిదే. కానీ కలివి అనే మాట ఏ పాఠ్యపుస్తకమూ నేర్పదు. ముల్లు గుచ్చుకుని, పండు నోట్లో వేసుకుంటేనే ఆ మాట నాలుకకు అంటుతుంది. పొద లేనినాడు మాట ఎక్కడ నిలుస్తుంది?

జిల్లాలో తిమ్మాపురం, జీనూరులలో ప్రభుత్వ ఉద్యాన క్షేత్రాలున్నాయి. మామిడి, కూరగాయల నారుతోబాటు వాక్కాయ మొక్కలూ పెంచి తక్కువ ధరకు ఇస్తే గట్లకు మళ్ళీ పచ్చ కంచె వస్తుంది. పంచాయతీలు బడి ప్రహరీల పక్కన నాటించవచ్చు. లేఅవుటు వేసేవాళ్ళు గట్టు మీది పాత పొదను వదిలిపెడితే వాళ్ళకు పోయేది రెండడుగుల నేల.

అంతవరకు ఇంటివాళ్ళు చేయదగ్గ పని ఒకటుంది. ఫోనులో బొమ్మ చూసే ముందు ఒక్కసారి అవ్వను గట్టు దగ్గరికి పిలుచుకుపోయి "ఇదేం చెట్టు?" అని అడగాలి. ఆమెకు నోరు తిరగని పేరు ఒక్కటే. తిరిగే పేర్లు శానా ఉన్నాయి.