గోడలకన్నా ముందు కాగితాలు చూద్దాం

ఇల్లు కొనబోయేవారు ముందుగా కుళాయి తిప్పి చూస్తారు. స్లాబుకు చెమ్మ పట్టిందేమోనని తలెత్తి చూస్తారు. బోరులో వేసవిలో నీళ్లుంటాయా, మసీదు ఎంత దూరం, పిల్లల బడి ఎక్కడ అని విచారిస్తారు. ఇవన్నీ చూడవలసినవే. అయితే సలహా కోసం మా వద్దకు వచ్చిన కుటుంబాలలో గోడ పగిలి నష్టపోయినవారు తక్కువ. కాగితం సరిచూడక నష్టపోయినవారే ఎక్కువ.

ఇటీవల ఒక సోదరుడు వచ్చాడు. గల్ఫ్‌లో 14 ఏళ్లు డ్రైవరుగా పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో 80 గజాల ఇల్లు కొన్నాడు. తండ్రి నుండి వచ్చిన ఆ ఇంటిని అన్నదమ్ములిద్దరూ కలిసి అమ్మారు. ఇంట్లో దిగి ఏడాది తిరగకముందే వారి అక్కచెల్లెళ్లు తమ వాటా కోసం నోటీసు పంపారు. ఆ ఆడబిడ్డలది తప్పని ఎవరనగలరు? షరీఅత్ ఇచ్చిన హక్కునే వారు అడుగుతున్నారు. కొన్న సోదరుడు మాత్రం జీవితకాలపు కష్టార్జితాన్ని వ్యాజ్యంలో పెట్టి కూర్చున్నాడు.

ఇటువంటి తొందరపాటు వెనుక ఒక చేదు నిజం ఉంది. ముస్లింలకు తాము కోరిన ప్రాంతంలో ఇల్లు కొనడం, అద్దెకు తీసుకోవడం కష్టమవుతోందని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది. పేరు చెప్పగానే ‘ఇల్లు వేరేవారికి ఇచ్చేశాం’ అనే జవాబు మన పాఠకులలో అనేకులకు అనుభవమే. నాలుగు చోట్ల కాదనిపించుకున్నవారు ఐదో చోట సరేననగానే బయానా ఇచ్చేస్తారు. వివక్షపై పోరాటం సాగవలసిందే. కానీ ఆ వివక్ష మనల్ని తొందరపెట్టి మరో నష్టంలోకి నెట్టకుండా చూసుకోవడం మన చేతిలో ఉన్న పని.

మన బస్తీలలో నేటికీ నోటరీ కాగితాల మీద ఇళ్లు చేతులు మారుతున్నాయి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 100 రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటరీ ముద్ర సంతకానికి సాక్ష్యమే తప్ప యాజమాన్యాన్ని బదిలీ చేయదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద జరిగిన అమ్మకం యాజమాన్య హక్కు నివ్వదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు కూడా హక్కు పత్రాలు కావు.

కొందరు జాగ్రత్తపరులు 30 ఏళ్ల ఈసీ తీసి, అందులో తాకట్టు ఏదీ కనబడలేదని నిశ్చింతగా ఉంటారు. ఈసీ తీయడం అవసరమే. కానీ అందులో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. మన కుటుంబాల ఆస్తుల విషయంలో అది చెప్పలేని సంగతులు మూడున్నాయి.

మొదటిది వారసత్వం. తండ్రి మరణించగానే కుమార్తెలకు, భార్యకు వాటా ఏర్పడుతుంది. దానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు కనుక ఈసీలో కనబడదు. తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చూడాలి. అందులోని వారసులందరి సంతకాలు విక్రయ దస్తావేజు మీద ఉండాలి. రెండవది హిబా. దాత ప్రకటించి, గ్రహీత అంగీకరించి, స్వాధీనం అప్పగిస్తే నోటిమాట హిబా కూడా చెల్లుతుంది. ఇంట్లో ఎవరుంటున్నారు, ఏ హక్కుతో ఉంటున్నారు అన్నది ఇరుగుపొరుగునే అడిగి తెలుసుకోవాలి. మూడవది వక్ఫ్. వక్ఫ్ ఆస్తి విక్రయం, దానం, మార్పిడి, తాకట్టు చెల్లవని 1995 చట్టానికి 2013లో చేసిన సవరణ చెబుతోంది. సర్వే నంబరు పట్టుకుని వక్ఫ్ గెజిట్‌ను, రిజిస్ట్రేషన్ శాఖ 22-ఏ నిషేధిత జాబితాను పరిశీలించాలి. దర్గా, ఖబరస్తాన్ పక్కనున్న స్థలమైతే మహల్లా పెద్దలను కూడా విచారించాలి. అల్లాహ్ పేర అంకితమైన భూమిని తెలియక కొన్నా కొన్నవారికి సొమ్ము పోతుంది, సముదాయానికి ఆస్తి పోతుంది.

ఇందులో మసీదు కమిటీల బాధ్యత ఉంది. రెవెన్యూ, రిజిస్ట్రేషన్ శాఖలలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు మన ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. వారానికి ఒకరోజు, జుమా నమాజు తర్వాత ఒక గంట కూర్చుని బయానా ఇవ్వబోయేవారి కాగితాలు చూసిపెడితే ఎన్నో ఇళ్లు నిలబడతాయి. ప్రభుత్వాలు కూడా వక్ఫ్ భూముల సర్వే నంబర్లను ప్రతి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో తెలుగు, ఉర్దూ భాషలలో అందరికీ కనబడేలా ప్రదర్శించాలని మేము కోరుతున్నాము.

పవిత్ర ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా దీర్ఘమైన ఆయతు బఖరా సూరాలోని 282వది. అప్పు లావాదేవీని కాగితం మీద పెట్టడం గురించి, సాక్షుల గురించి అది బోధిస్తుంది. కాగితం అడగడం ఎదుటివారిని అనుమానించడమని మనలో కొందరు మొహమాటపడతారు. ఆ మొహమాటం ధర్మం కాదు. బయానా ఇచ్చేముందు కాగితం అడగండి, అమ్మేవారి అక్కచెల్లెళ్లను కలవండి. ఆ తర్వాతే గోడలు చూడండి.