ఉక్కునగరములో డికెన్సు ఏనుగు

ఆంగ్ల నవల చేతబట్టిన మన విద్యార్థికి అడ్డుపడునది పదజాలమని పలువురి అభిప్రాయము. అది సగము మాటయే. తెలియని పదమునకు నిఘంటువు కలదు. తెలిసిన పదములే కూడి తెలియని మాట పలికినప్పుడు నిఘంటువు మూగపోవును.

చార్లెస్ డికెన్స్ 1854లో ప్రచురించిన 'హార్డ్ టైమ్స్' నవలలో కోక్‌టౌన్ అను మిల్లుల పట్టణ వర్ణన కలదు. పొగగొట్టముల పొగ ఆయనకు పాములుగా కనబడెను. ఆవిరియంత్రపు పిస్టన్ పైకి క్రిందికి ఆడుట విషాదోన్మాదము పట్టిన ఏనుగు తల ఊపుటవలె తోచెను. పాము విషయమున గాజువాక బాలునికి చిక్కు లేదు, పొగగొట్టములు వాడెరిగినవే. ఏనుగుతోనే వచ్చినది చిక్కు. తెలుగువానికి ఏనుగు పరాయిది కాదు, అదే ప్రమాదము. మన కావ్యములలో అది నడకకు సొగసు, మదించినచో విధ్వంసము. ఈ రెంటిలో దేనిని పట్టుకొన్నను డికెన్సు చేజారును. గొలుసుతో కట్టువడి, దినమంతయు ఒకే తీరున తల ఊపుచుండు ఏనుగును తలచుకొనవలెను. అప్పుడుగాని ఆ యంత్రము ముందు నిలిచిన కూలివాని బ్రతుకు కనబడదు.

గైడు పుస్తకము ఇచట 'ఇది ఉపమాలంకారము' అని వ్రాసి ఊరకుండును. రెండు మార్కులు వచ్చును, ఏనుగు రాదు. చిత్రమేమనగా, ఆ నవల ఆరంభమే ఒక తరగతి గది. గుర్రపు సర్కసువారి నడుమ పెరిగిన సిస్సీ జూప్‌ను గుర్రమునకు నిర్వచనము చెప్పుమందురు. ఆమెకు నోరు పెగలదు. బిట్జర్ అను బాలుడు పండ్ల లెక్కతో సహా వల్లెవేయును. మెప్పు వానికే. మన ప్రశ్నపత్రములు నేటికిని బిట్జర్ కొరకే తయారగుచున్నవి.

మన ఆలంకారికులు ఇంతకంటె మేలైన దారి చూపిరి. లక్షణకు మమ్మటుడు కావ్యప్రకాశమున చెప్పిన హేతువులు మూడు: ముఖ్యార్థమునకు బాధ కలుగుట, దానితో సంబంధముగల మరియొక అర్థము తోచుట, అందుకు రూఢియో ప్రయోజనమో ఉండుట. 'గంగలో పల్లె' యన్నచో నీటిలో ఇండ్లుండవు గనుక ఒడ్డు తోచును. గంగ చల్లదనము, పావనత్వము ఆ పల్లెకు అబ్బినవని చెప్పుటయే ప్రయోజనము. ఆంగ్లోపాధ్యాయుడు దీనిని తరగతిలో వాడుకొనుటకు సందేహింపనక్కరలేదు. విద్యార్థి మొదట 'ఇట్లుండదే!' అని ఆగవలెను. ఆగనివానికి అలంకారమే లేదు.

విశాఖ విద్యార్థికి ఇది బొత్తిగా కొత్త కాదు. రేవు దాపున సముద్రములోనికి చొచ్చిన కొండను డాల్ఫిన్ నోస్ అని పిలుచుచు పెరిగినవాడతడు. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమున బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టిరి. తరువాత వచ్చిన మూడవది అన్నపూర్ణ. నిప్పులకొలిమికి నది పేరేమి? కరిగిన ఇనుము కాలువలో పారుటను తండ్రి నోట విన్న బాలికను అడిగి చూడవలెను. మమ్మటుని గంగ ఆమెకు దూరము కాదు.

అన్నియు ఇట్లు ఊరిలో దొరకవు. మంచు చుట్టును, చలిమంట చుట్టును అల్లుకొన్న ఆంగ్ల భావములు విశాఖ ఉక్కపోతలో పెరిగినవారికి అందవు. అచట వారిని ఊహింపుమని వేధింపక, ఉపాధ్యాయుడు బొమ్మయైనను చూపి సూటిగా చెప్పివేయవలెను.