పోలీసులు లేని పోలీసు చర్య

ఏటా సెప్టెంబరు 17 రాగానే ఏలూరులో ఉన్న మాకూ తగవు తప్పదు (1766లో కంపెనీకి ధారపోసే వరకు, కాగితం మీదనైనా, ఏలూరు సర్కారూ నిజాముదే కదా!). విమోచనమా, విలీనమా, విద్రోహమా? తమరు వాడే మాట చెప్పండి, తమరి పార్టీ నేను చెబుతాను. 2022లో ఆ ఒక్క రోజునే కేంద్రం విమోచన దినమన్నది, తెలంగాణ ప్రభుత్వం సమైక్యతా దినమన్నది. 2024లో అది ప్రజాపాలన దినమైంది.

వీటన్నిటికంటె నన్ను బాధించేది, నిష్పాక్షికమైనదిగా చెలామణి అవుతున్న "పోలీసు చర్య". 1948 సెప్టెంబరు 13న షోలాపూరు వైపునుండి ట్యాంకులతోను, బెజవాడ వైపునుండి మరొక దళంతోను ప్రవేశించినది భారత సైన్యం. ఇందులో పోలీసెవరు? హైదరాబాదు అప్పటికే భద్రతా సమితి తలుపు తట్టింది. యుద్ధమంటే చిక్కు, ఇంటి గొడవ అంటే సుఖం.

రజాకార్ల దుర్మార్గాలను దాచేవారితో నాకు పొత్తు లేదు. కాని ఆ "చర్య" నాడూ, ఆ తరువాతా పోయిన ప్రాణాలు 27,000 నుండి 40,000 వరకు ఉంటాయని సుందర్‌లాల్ కమిటీ అంచనా. అందులో అత్యధికులు ముస్లిములు. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. "చర్య"లో వారికి చోటు లేదు, "విమోచన"లో అసలే లేదు.

2006లో మా కొల్లేటి చేపల చెరువుల గట్లు తెగగొట్టినప్పుడు మాత్రం సర్కారు పెట్టిన పేరు "ఆపరేషన్ కొల్లేరు". ట్యాంకులు నడిస్తే పోలీసు చర్య, పొక్లెయిన్లు నడిస్తే ఆపరేషన్!

నా మటుకు నేను "1948 హైదరాబాదు యుద్ధం" అనే వ్రాస్తాను. అభ్యంతరమున్నవారు ముందు ఆ ట్యాంకుల సంగతి తేల్చి రండి.